కదీమ్ గారి తూము

ఉద్యోగంలో చేరిన రోజు మా ఇంజనీరు గారు నా చేత టైపు చేయించిన మొదటి ఉత్తరం గోడ అవతలి ఆఫీసుకు. గోడ అవతల అంటే నిజంగా గోడ అవతలే. అటు తహసీలు ఆఫీసులో ఎవరైనా తుమ్మితే ఇటు మా వాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. ఆ ఉత్తరం మా ఆఫీసు నుంచి మా పై ఆఫీసుకు ఎక్కి, అక్కడి నుంచి కలెక్టరు కచేరీకి పోయి, మెల్లగా కిందికి దిగి తహసీలుకు చేరడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ మా హెడ్ క్లర్కు గారు, అవతలి హెడ్ క్లర్కు గారు మధ్యాహ్నం ఒకే బెంచీ మీద కూర్చుని చాయ్ తాగారు. ఉత్తరం మాట ఒక్కరూ ఎత్తలేదు. నోటితో చెప్పుకోవడం పద్ధతి కాదట.

అది అరవయ్యో దశకం మొదట్లో. నాకప్పుడు ఇరవై ఏళ్లు. డోర్నకల్‌లో మిషన్ బడిలో చదివి, అక్కడే టైపు నేర్చుకుని, వరంగల్‌లో నీటిపారుదల శాఖ వారి చిన్న ఆఫీసులో టైపిస్టుగా కుదిరాను. అమ్మ నాతోపాటే వరంగల్ వచ్చి, ఇక్కడి మిషన్ దవాఖానాలో ఆయాగా చేరింది. ఆ ఆఫీసులో కాలుపెట్టిన మొదటి ఆడమనిషిని నేనే కాబట్టి, నేను ఎవరికీ కనపడకుండా నా మేజా చుట్టూ వెదురు తడక కట్టించారు. మూడో రోజుకే దాన్ని తీసేశారు. ఇంగ్లీషు మాటల అక్షరాలు అడగడానికి అందరూ తడక మీదుగా తొంగి చూడవలసి వస్తోంది, అది ఇంకా అసహ్యంగా ఉందని హెడ్ క్లర్కు గారే తీయించారు.

ఆయన వరంగల్ మగ్గాల వాడ మనిషి. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకుని, ఉర్దూలో ఉద్యోగం మొదలుపెట్టి, రాష్ట్రం మారాక నలభై ఏళ్లు దాటిన వయసులో ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడం నేర్చుకున్నారు. నన్ను ‘బేటీ’ అనేవారు. ఇంజనీరు గారిది కృష్ణా జిల్లా. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఉల్లిపాయ కూడా తినరు. అంకెలంటే భక్తి. అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు, అంటే నిజంగానే ఆ విద్య రాదు.

మా చేతి కింద ఉన్న చెరువుల్లో పెద్దది ఊరికి ఆరు మైళ్ల దూరంలో ఉండేది. దాని పేరు చెప్పను, ఆ మనుషుల మనవలూ మనవరాళ్లూ ఇంకా అక్కడే ఉన్నారు. ఆ చెరువుకు ఒక నీరడి ఉండేవాడు. తూము ఎత్తి పొలాలకు నీళ్లు వదలడం, కట్టడం వాళ్ల ఇంటి పని. తాత ముత్తాతల నుంచీ వాళ్లే. అరవై ఏళ్ల మనిషి. ప్రతి సోమవారం ఆరు మైళ్లు నడిచి వచ్చి, చెరువులో రాతి మీద గీసిన అడుగుల గుర్తు ప్రకారం నీళ్లు ఎంతున్నాయో చెప్పిపోయేవాడు. నేను రాసుకునేదాన్ని.

నేను చేరిన ఏడాది వానలు బాగా పడ్డాయి. ఒకరోజు సోమవారం కాకపోయినా నీరడి పరుగులాంటి నడకతో వచ్చాడు.

“సారూ, మత్తడి దుంకింది!”

ఇంజనీరు గారు కుర్చీలోంచి లేచారు. “దూకిందా? ఎప్పుడు?”

“పొద్దుగాల్నుంచి దుంకుతాంది.”

“ఎంత మేర పోయిందయ్యా?”

“ఈ కొసకెల్లి ఆ కొసదాంక పోతాంది సారూ.”

“అయ్యో! జనానికి ఏమైనా అయిందా?”

“జనం మస్తు ఖుషీగున్నరు. పిల్లా జెల్లా బండ్లు కట్టుకొని చూడనీకి వస్తాన్రు.”

ఇంజనీరు గారు అతని వైపు భయంగా చూశారు. ఆ రోజు ఎందుకోగాని హెడ్ క్లర్కు గారు సెలవు. నేను చెప్పబోయేలోపే ఆయన కాగితం మీద తంతి రాసి అటెండరు చేతికిచ్చి, జీపు ఎక్కి వెళ్లిపోయారు. మత్తడి కూలిపోయిందనీ, ఊళ్లు ఖాళీ చేయించాలనీ తంతి పై ఆఫీసుకు చేరింది. మా వైపు మత్తడి దుంకడం అంటే చెరువు నిండి, నీళ్లు ఆ అలుగు గోడ మీదుగా పొర్లడం. అంతకంటే శుభవార్త మాకు లేదు. ఆయన వెళ్లేసరికి మత్తడి కింద జనం సద్దులు విప్పుకుని తింటూ, చీరల్లో చేపలు పట్టుకుంటున్నారట. సాయంత్రానికి తడిసిన ప్యాంటుతో వచ్చి, మొదటి తంతిని దయచేసి లెక్కలోకి తీసుకోవద్దని రెండో తంతి రాశారు. తర్వాత జేబులోంచి చిన్న పుస్తకం తీసి నన్నడిగారు.

“మీ వైపు ఇలా దూకేవి ఇంకేమైనా ఉన్నాయా అమ్మా? ముందే రాసుకుంటాను.”

మరుసటి ఏడాది వానలు మొహం చాటేశాయి. చెరువు సగానికే నిండింది. ఆ నీళ్లకు ముగ్గురు పెద్దమనుషులు. కింద యాసంగి వరి వేసిన రైతుల బాగు చూడవలసింది తహసీలు. ఊళ్లో కొన్ని వాడలకు కుళాయి నీళ్లిచ్చేది నీళ్ల సరఫరా ఆఫీసు. దాన్ని అందరూ నల్లా ఆఫీసు అనేవాళ్లు. కట్ట, తూము, మత్తడి మావి. రైతులకు వదిలితే నల్లాలు ఎండుతాయని నల్లా వాళ్లు, నల్లాలకు ఉంచితే వరి ఎండుతుందని తహసీలు వాళ్లు, ఇద్దరూ కలిసి మమ్మల్ని తిట్టేవాళ్లు. చివరికి పెద్ద మీటింగు పెట్టి, మిగతా ఇద్దరికీ తెలియకుండా ఎవరూ తూము ఎత్తరాదని తీర్మానించారు. పదిహేను రోజులకొకసారి ముగ్గురూ కలిసి వచ్చి, రైతులకు ఒక తడి నీళ్లు వదలాలి.

తూముకు ఇనుప తలుపు, దాన్ని పైకెత్తడానికి తిప్పే చక్రం ఉండేవి. ఆ చక్రానికి గొలుసు చుట్టి, మూడు ఆఫీసుల వాళ్లూ మూడు తాళాలు తగిలించారు. అది చూసి నీరడి కాసేపు ఆలోచించాడట.

“సారూ, మూడు తాళాలు ఒకదాంట్లకొకటి ఏసిన్రు. ఏ ఒక్కటి తీసినా గొలుసు ఊడుతది గదా?”

అప్పుడు గొలుసులు కూడా మూడయ్యాయి.

మొదటి తడి రోజు తహసీలు తరఫున పంటలు చూసే గిర్దావరు రాలేదు. కేసముద్రం మార్కెట్ యార్డులో డ్యూటీ పడింది, తాళంచెవి ఆయన జేబులో ఉంది. రెండోసారి గిర్దావరు వచ్చాడు, నల్లా ఆఫీసు సూపర్వైజరు వచ్చాడు, మా తాళంచెవి రాలేదు. మా ఓవర్సీరుకు నర్సంపేటకు బదిలీ అయింది, ఆయన పెట్టెతో పాటు అదీ వెళ్లిపోయింది. మూడోసారి నర్సంపేట నుంచి తెప్పించిన మాదానితో సహా ముగ్గురి తాళంచెవులూ వచ్చాయి గానీ ఆ రోజు సెలవు దినమని, సెలవునాడు ఎత్తితే తర్వాత మాట వస్తుందని తిరిగి వెళ్లిపోయారు. ఆ తర్వాతా ఏదో ఒక అడ్డు వస్తూనే ఉంది. అంటే తూము ఒక్కసారి కూడా లేవలేదు. అయినా గిర్దావరు నెలనెలా ‘పంట పరిస్థితి తృప్తికరం’ అని రాస్తూనే ఉన్నాడు. పంట నిజంగానే పచ్చగా ఉంది. నీళ్లు లేకుండా ఎట్లా ఉందని ఎవరూ అడగలేదు. తృప్తికరంగా ఉన్నదాన్ని గురించి ఎవరడుగుతారు?

చెరువు మట్టం మాత్రం దిగుతోంది. నీరడి సోమవారం సోమవారం వచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. “నాలుగు అంగుళాలు గుంజింది బిడ్డా. రాసుకో.” నేను రాసేదాన్ని. నల్లా ఆఫీసు వాళ్లు మేం దొంగతనంగా తూము ఎత్తుతున్నామని రాశారు. వాళ్లే పెద్ద పంపు పెట్టి తోడుతున్నారని మేం రాశాం. మా ఇద్దరి మీదా తహసీలు వాళ్లు రాశారు. అన్నీ పదకొండు రోజుల లెక్కన చేరేవి కాబట్టి, ఎవరు దేనికి జవాబు ఇస్తున్నారో ఎవరికీ తెలిసేది కాదు.

ఎండకు ఆవిరవుతోందేమోనని ఇంజనీరు గారికి అనుమానం వచ్చింది. ఆఫీసు వాకిట్లో రేకు టబ్బు పెట్టి, నీళ్లు నింపి, స్కేలు కట్టి, రోజూ పొద్దున కొలిచేవారు. నేను టైపు చేసేదాన్ని. వారం తిరిగేసరికి టబ్బు సగం ఖాళీ. ఆ లెక్కన చెరువు శివరాత్రికి ముందే అడుగంటాలి. ఆయన ముఖం పాలిపోయింది. విచారిస్తే తేలింది ఏమిటంటే, అటెండరు సద్దిగిన్నె అందులోని నీళ్లతోనే కడుక్కుంటున్నాడు, హెడ్ క్లర్కు గారు పాన్ ఉమ్మేశాక అందులోని నీళ్లతోనే పుక్కిలిస్తున్నారు, ఇక తహసీలు వాచ్‌మన్ మేక రోజూ గోడ దూకి వచ్చి కడుపునిండా తాగిపోతోంది. ఉత్తరానికి పదకొండు రోజులు పట్టే దారిని ఆ మేక ఒక్క గెంతులో దాటేది.

ఇంతలో పై ఆఫీసు నుంచి ఇంజనీరు గారికి సంజాయిషీ నోటీసు వచ్చింది. తాళాలు వేసిన చెరువులోంచి నీళ్లు ఎట్లా పోతున్నాయో చెప్పాలి, లేకపోతే చర్య తప్పదు. ఆయన ఆ రోజు తెచ్చుకున్న పెరుగన్నం ముట్టలేదు. క్యారియరు అలాగే ఇంటికి పోయింది. వెంటనే మూడు ఆఫీసుల ఉమ్మడి తనిఖీ ఏర్పాటు చేశారు. రాతకోతలకు నన్నూ రమ్మన్నారు.

ఆడపిల్ల మగవాళ్ల మధ్య కూర్చోకూడదని జీపులో ముందు సీటు నాకిచ్చారు. ఇంజనీరు గారు, గిర్దావరు, నల్లా సూపర్వైజరు వెనక మోకాళ్లు మోకాళ్లు రాసుకుంటూ, ఆరు మైళ్లూ ఒకరితో ఒకరు మాట్లాడకుండా కూర్చున్నారు. అమ్మ పంపిన గొడుగు ఒళ్లో పెట్టుకుని నేనే అధికారినైనట్టు వెళ్లాను.

కట్ట మీద ముగ్గురూ ఎవరి తాళం వాళ్లు లాగి చూసుకున్నారు. అన్నీ గట్టిగా ఉన్నాయి. నీరడి చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

“ఇతన్ని చూడండి,” అన్నారు ఇంజనీరు గారు వాళ్లతో, మాట్లాడటానికి ఇంకేమీ దొరక్క. “చలికాలంలో కూడా రోజుకు రెండుసార్లు చెరువులో మునిగి స్నానం చేస్తాడు. మా ఆఫీసులో అందరికీ ఇతన్నే ఉదాహరణగా చెబుతుంటాను.”

నీరడి తల వంచుకున్నాడు. సిగ్గు అనుకున్నాను.

ఎండ ముదిరింది. నాకు కాస్త పక్కకు వెళ్లవలసిన అవసరం వచ్చింది. మగవాళ్లను ఎట్లా అడగాలో తెలియక నిలబడితే నీరడి భార్య నా అవస్థ కనిపెట్టి, కట్ట కిందికి, మలుపు తిరిగాక ఉన్న తుంగ పొదల వైపు తీసుకుపోయింది. తిరిగి వస్తూ ఒక చిన్న కాలువ దాటబోయాను. కాలు జారింది. నా రబ్బరు చెప్పు ఊడి, నీళ్లలో పడి, గబగబా కొట్టుకుపోయింది. ఆ పెద్దమ్మ పొలం గట్టున పరుగెత్తి, ఒక మలుపు దగ్గర దాన్ని పట్టుకుని తెచ్చింది. తడి చెప్పు తొడుక్కుంటుండగా నాకు తట్టింది.

“పెద్దమ్మా, ఇవెక్కడి నీళ్లు?”

“చెరువు నీళ్లే బిడ్డా. ఇంకెక్కడియి?”

“తూముకు తాళాలున్నయ్ గదా?”

“అది కొత్త తూము. ఇది పాతది. రాతి తూము. నీళ్ల అడుగున చెక్క బిరడా ఉంటది. మా ఆయన పొద్దుగాల తానానికి దిగి తీస్తడు, మాపటీలి తానానికి దిగి పెడ్తడు.”

“సార్లకు ఎర్కేనా?”

“ఎవలన్న అడిగితే గదా!” అంది ఆవిడ, చాలా మామూలుగా.

కట్ట మీదికి వచ్చాను. ‘మూడు తాళాలూ చెక్కుచెదరలేదు, నీరు మాత్రం తగ్గినది’ అని ముగ్గురూ ఒప్పుకున్న వాక్యం రాసుకున్నాను. ముగ్గురూ సంతకాలు చేశారు. తిరిగి వస్తున్నంతసేపూ తడి చెప్పు కిచకిచమంటూనే ఉంది. నాకు మాట్లాడాలనీ ఉంది, భయంగానూ ఉంది.

మర్నాడు హెడ్ క్లర్కు గారికి చెవిలో చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. అల్మారా పైనుంచి పాత ఉర్దూ రిజిస్టరు దించి, దుమ్ము దులిపి, వేలు పెట్టి కుడి నుంచి ఎడమకు చదివారు.

“ఇగో, తూమె కదీమ్. అంటే పాత తూము. ఇప్పుడు ఈ ఇంగ్లీషు లిస్టు చూడు. ఏం రాసిండు?”

చూశాను. ‘కదీమ్ అనే వ్యక్తికి చెందిన ప్రైవేటు తూము’ అని ఉంది.

“రాష్ట్రం మారినంక తర్జుమా చెయ్యనీకి ఒకాయనను తోలిన్రు. ఉర్దూ సగం వస్తది, ఇంగ్లీషు సగం వస్తది. పదిహేను దినాలల్ల అల్మారంత తర్జుమా చేసి పోయిండు. అప్పటిసంది అది కదీమ్ సాబ్‌ది. సర్కారుది కాదు గాబట్టి ఎవ్వలు చూడలే.”

“మరి మీరు చెప్పలేదేంది సార్?”

“నన్ను అడగలే బేటీ. అడగకుండ చెప్తే ఆ మాటకు ఫైలు నంబరు ఎక్కడ్నుంచి తేవాలె?” ఆయన రిజిస్టరు మూశారు. “జర ఓపిక పట్టు. వరి పొట్ట మీదున్నది. ఇంకో మూడు వారాలు నీళ్లుంటె గింజ గట్టిపడ్తది. ఆ తర్వాత చెప్తె ఎవ్వలకు ఫికర్ లేదు.”

ఆయన మాటలో న్యాయం ఉంది. నేను నోరు మూసుకుందామనే అనుకున్నాను. కానీ మధ్యాహ్నం ఇంజనీరు గారు సంజాయిషీ టైపు చేయడానికి పిలిచారు. కిటికీ వైపు తిరిగి నిలబడి చెబుతున్నారు. “నీరు తగ్గుటకు కారణము కనుగొనలేకపోతిని. ఇది నా అసమర్థతయే గాని, నా కింది సిబ్బంది దోషము ఏమియు లేదు...” నా వేళ్లు ఆగిపోయాయి.

“సార్, నిన్న నా చెప్పు కొట్టుకుపోయింది.”

ఆయన వెనక్కి తిరిగారు. “పోతే కొత్తవి కొనుక్కోండమ్మా. ఇప్పుడు అదా?”

“కాదు సార్. నీళ్లల్ల కొట్టుకపోయింది. పారే నీళ్లల్ల.”

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక టోపీ కూడా పెట్టుకోకుండా జీపు దగ్గరికి పరుగెత్తారు. నేనూ, హెడ్ క్లర్కు గారూ వెనకే.

నీరడి ఏమీ దాచలేదు. పొదలు తప్పించి పాత తూము చూపించాడు. రాతి గడప లాంటి నోరు, దాంట్లోంచి చిన్న చప్పుడు కూడా లేకుండా జారుతున్న నీళ్లు.

“ఇట్లా పోతే పట్నానికి నీళ్లు ఉండవద్దా?” అన్నారు ఇంజనీరు గారు. కోపం తెచ్చుకుందామని చూస్తున్నారు గానీ రావడం లేదు.

“పట్నపోల్ల నీళ్లు నేను ముట్టలే సారూ. ఆ నడుమ నల్లబండ కనిపిస్తాంది గదా? అది మునిగి ఉన్నన్ని దినాలు నల్లాలకు ఢోకా లేదు. బండ నెత్తి తేలెకంటె ముందుగాల్నే పంట చేతికొస్తది. అంత లెక్క చూసే నాట్లు ఎయ్యమన్న. ఎక్కువ ఎయ్యనియ్యలే.”

ఇంజనీరు గారు తనిఖీ కాగితం వెనక పెన్సిలుతో లెక్క మొదలుపెట్టారు. నీటి విస్తీర్ణం, లోతు, ఎండ, ఊరి అవసరం, ఎకరాలు. చెట్టు నీడలో అరగంట కూర్చుని కూడి, తీసివేసి, భాగించి చివరికి తల ఎత్తారు. నల్లబండ లెక్కకూ ఆయన లెక్కకూ రెండు అంగుళాలు తేడా వచ్చింది. మళ్లీ లెక్కవేశారు. పొరపాటు ఆయనదే.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నీరడితో అన్నారు. “రోజుకు రెండు స్నానాలని నిన్ను అందరికీ ఆదర్శంగా చెప్పానయ్యా.”

“ఒక తానం నాదే సారూ,” అన్నాడు నీరడి. “రెండోది సర్కారు పని.”

ఇంజనీరు గారు అలా నవ్వడం నేను అంతవరకూ చూడలేదు. కానీ నవ్వు ఆగాక మళ్లీ గంభీరమయ్యారు. మూడు ఆఫీసుల మీటింగులో నిజం చెప్పక తప్పదన్నారు. పెద్దమ్మ ముందుకొచ్చి చేతులు జోడించింది. “మూడు వారాలు ఆగుండ్రి సారూ. దీనికి గూడ తాళాలేస్తరు.” ఆయన జీపు వైపు నడిచారు. జీపు ఎక్కేటప్పుడు ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. నా చెప్పు పట్టుకుని పరుగెత్తుకొచ్చిన మనిషి.

నాలుగు రోజులకు మీటింగు. ఒక మూల చిన్న బల్ల దగ్గర రాసుకోవడానికి కూర్చున్నాను. ఇంజనీరు గారు లేచి ఒక్క మాట కూడా దాచకుండా అంతా చెప్పారు. పాత తూము ఉందనీ, నీళ్లు అందులోంచి పోతున్నాయనీ, అయినా ఊరికి ఇబ్బంది లేదనీ, లెక్క కూడా చూపించారు.

తహసీల్దారు గారు ఇంగ్లీషు జాబితా తెప్పించారు. వేలు పెట్టి చదివి, కళ్లజోడు సర్దుకున్నారు.

“ఈ తూము మీది కాదండీ. కదీమ్ అనే ఆయనది.”

“కదీమ్ అంటే మనిషి కాదు. పాతది అని అర్థం,” అన్నారు ఇంజనీరు గారు.

“అది మీరు నోటితో చెబుతున్నారు. జాబితా రాతలో చెబుతోంది. రాత మార్చాలంటే తర్జుమా చేయించిన ఆఫీసుకు రాయాలి.”

నల్లా సూపర్వైజరు ముఖం వెలిగింది. “అయితే ఇన్నాళ్లూ నీళ్లు తీసుకుపోతున్నది ఆయనేనన్నమాట! మేం కాదు గదా?”

“మేమూ కాదు,” అన్నాడు గిర్దావరు.

నెలల తరబడి ఒకరి మీద ఒకరు రాసుకున్న వాళ్లు మొదటిసారి ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. నింద మోయడానికి నాలుగో మనిషి దొరికాడు, అతనికి జవాబు చెప్పే నోరు కూడా లేదు. సదరు కదీమ్ గారు ఇరవై ఒక్క రోజుల్లో హాజరై తన హక్కు రుజువు చేసుకోవాలని నోటీసు ఇవ్వాలనీ, అంతవరకూ ఆ తూమును ఎవరూ ముట్టరాదనీ, దానికి సంబంధించి ఇప్పుడు జరుగుతున్నది జరుగుతున్నట్టే ఉండాలనీ తీర్మానించారు.

నేను ఇరవై ఒకటి అనే అంకె రాస్తూ వేళ్ల మీద లెక్కపెట్టాను. సరిగ్గా మూడు వారాలు. తలెత్తితే ఇంజనీరు గారు నన్నే చూస్తున్నారు.

“రాసుకున్నారా అమ్మా?”

“రాసుకున్న సార్.”

ఆయన పట్టు విడవలేదు. కదీమ్ అనే మనిషి లేడని తాను చెప్పినట్టు విడిగా నమోదు చేయాలన్నారు. తహసీలు వాళ్లు దిద్ది పంపిన కాగితంలో అది ‘కదీమ్ గారితో తమకు పరిచయము లేదని ఇంజనీరు గారు తెలిపిరి’ అని వచ్చింది. ఆయన దాని మీద ఇంకో ఉత్తరం రాశారు. అది ఎక్కి దిగి చేరేసరికి నోటీసు గడువు సగం గడిచిపోయింది.

నోటీసును పాత తూము రాతికి అంటించారు. మూడో రోజుకు అది ఊడి నీళ్లలో పడితే నీరడి ఎండబెట్టి, జాగ్రత్తగా మడిచి, సోమవారం నా దగ్గరికి తెచ్చాడు. చదివి వినిపించాను.

“ఈ కదీమ్ సాబ్ ఎవలు బిడ్డా? మా చెరువు మీద ఉన్నడంటాన్రు. నేను పుట్టిన కాడ్నుంచి ఎన్నడు చూడలే.”

“ఆయన వచ్చేదాకా మీ తూమును ఎవ్వలు ముట్టొద్దట కాకా. మీరు తానం చేసుకోవచ్చు.”

నీరడి నా ముఖంలోకి చూశాడు. మెల్లగా, పై పన్ను ఒకటి లేని నోటితో, నవ్వాడు.

వరి కోతలయ్యాయి. నల్లబండ తేలలేదు, ఊళ్లో నల్లాలు ఆగలేదు. గడువు దాటాక ‘సదరు వ్యక్తి ఊరిలో కనబడలేదు’ అని నోటీసు తిరిగొచ్చి, ఫైలులో కూర్చుంది. నీళ్లు తగ్గడానికి కారణం బయటివారెవరో అని తేలినందున ఇంజనీరు గారి మీద చర్య అవసరం లేదని పై ఆఫీసు రాసింది. తాను నిజం చెప్పడం వల్ల బయటపడ్డారో, దాన్ని ఎవరూ నమ్మకపోవడం వల్ల బయటపడ్డారో ఆయనకు చివరిదాకా తేలలేదు.

వానలు మొదలై, నాట్లకు పెద్ద తూము ఎత్తవలసిన రోజున ముగ్గురూ తాళంచెవులతో సమయానికి వచ్చారు. మా చెవి కూడా ఈసారి ఎక్కడికీ పోలేదు. మూడు తాళాలూ తుప్పుపట్టి ఒక్కటీ తిరగలేదు. కమ్మరిని పిలిపించి గొలుసులు కోయించారు. ఎవరి తాళం వాళ్లకు అప్పగించినట్టు మూడు రసీదులు కట్ట మీదే కూర్చుని నేను చేత్తో రాశాను.

ఇంకో ఏడాదికి ఇంజనీరు గారికి బదిలీ అయింది. వరంగల్ స్టేషనుకు మేమంతా వెళ్లాం. రైలు కదలబోతుండగా నీరడి, పెద్దమ్మ పరుగెత్తుకొచ్చి, ఒక మట్టికుండ ఆయన చేతుల్లో పెట్టారు. అందులో మోచేతి పొడుగున్న రెండు కొర్రమీనులు, బతికున్నవి. ఉల్లిపాయ తినని మనిషని వాళ్లకు తెలియదు. ఆయన రెండు చేతులతో కుండ అందుకుని, లోపలికి చూసి, చాలా మర్యాదగా అడిగారు.

“వీటికి నీళ్లు రోజూ మార్చాలా, రెండు రోజులకొకసారా?”

నీరడి నా వైపు చూశాడు. నేను హెడ్ క్లర్కు గారి వైపు చూశాను. ఆయన పాన్ నములుతూ పట్టాల వైపు చూస్తున్నారు. ఇంతలో రైలు కూత వేసింది. ఇంజనీరు గారు కిటికీలోంచి కుండ నా చేతికి అందించారు.

“రైల్లో వీటికి ఇబ్బంది అవుతుందమ్మా. మీరే చూసుకోండి.”

రిక్షాలో కుండ ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఏం చేయాలనే సందేహం అమ్మకు రాలేదు. ఆవిడ అప్పటికే చింతపండు నానబెట్టింది.

నెల రోజులకు ఆయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. కొత్త ఊరు, కొత్త చెరువులు, అందరి క్షేమం. చివర ఒక వాక్యం, ‘చేపలు బాగున్నవా?’

చాలా బాగున్నాయి సార్ అని జవాబు రాశాను. అబద్ధం రాయలేదు.